బుల్లి రైలింజన్ల సంరక్షణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా ఎన్ స్కేల్ (బాగా చిన్న సైజు మోడల్) డీజిల్ ఇంజన్ కొంచెం దూరం నడిచి ఆగిపోతోంది. వేలితో తోస్తే మళ్లీ కదులుతుంది. మోటారు పాడైందా? విప్పి చూడమంటారా?

జవాబు: ఇప్పుడే విప్పకండి. తోస్తే కదులుతోందంటే చాలావరకు మోటారు బాగానే ఉన్నట్టు, దానికి కరెంటే సరిగా అందడం లేదు. ఎన్ స్కేల్‌లో పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే. ఇంజన్ తేలిక కాబట్టి చక్రం పట్టాను గట్టిగా అదమదు. సన్నటి మురికిపొర అడ్డొచ్చినా కరెంటు తెగిపోతుంది. దుమ్ము, పాత నూనె, చక్రానికీ పట్టాకూ మధ్య రేగే చిన్న నిప్పురవ్వల వల్ల ఏర్పడే ఆక్సైడ్, ఈ మూడూ కలిసి ఆ నల్లపొర అవుతుంది.

ముందు పట్టాల పైభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుగుడ్డతో, గుడ్డకు నలుపు అంటడం మానేదాకా తుడవండి. తర్వాత చక్రాలు. పేపర్ టవల్ ముక్కను పట్టాల మీద అడ్డంగా పరిచి, 90 శాతానికి పైబడిన ఆల్కహాల్‌తో తడపండి. తడిస్తే చాలు, కారకూడదు. ఇంజన్ అడుగున చక్రాలుండే చట్రాన్ని బోగీ అంటారు. ముందు బోగీ కాగితం మీద, వెనక బోగీ పట్టాల మీద ఉండేలా ఇంజన్‌ను నిలబెట్టి, చేత్తో పట్టుకుని సగం వేగం ఇవ్వండి. వెనక బోగీ కరెంటు అందిస్తుంటే ముందు చక్రాలు తడి కాగితం మీద జారుతూ తిరిగి మురికిని వదిలేస్తాయి. పది సెకన్లకోసారి కాగితాన్ని పక్కకు జరపండి. నల్లగీతలు పడటం ఆగాక ఇంజన్‌ను తిప్పి రెండో బోగీకి ఇదే చేయండి. ఒక బోగీకే గేర్లుంటే రెండో దాని చక్రాలు వాటంతట అవి తిరగవు, వాటిని ఇయర్ బడ్‌తో తుడవాల్సిందే. ఆల్కహాల్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది కనుక కిటికీ తెరిచి ఉంచండి, సీసా మూత బిగించి దూరంగా పెట్టండి. ఇంజన్ పైతొడుగుకు ఇది తగలనివ్వకండి, కొన్ని రంగులు లేచిపోతాయి.

గరుకు కాగితం వాడొద్దు. అది చేసే గీతల్లోనే మళ్లీ మురికి నిలుస్తుంది. ఉక్కు పీచు ఇంకా ప్రమాదం. దాని నూగును మోటారు అయస్కాంతం లోపలికి లాక్కుంటే షార్ట్ అవుతుంది.

ఇదంతా చేసినా ఆగుతుంటే చక్రాల వెనక ఆనుకునే రాగి పత్తీలను చూడండి. అక్కడ వెంట్రుకలు చుట్టుకుంటాయి, పత్తీ వంగి చక్రానికి అందకుండానూ పోతుంది. పట్టకారుతో కొద్దిగా వంచితే సరి. మరీ గట్టిగా ఆనితే అదే బ్రేకులా పనిచేస్తుంది.

ప్రశ్న: ఇంజన్ గరగరమంటోంది. నూనె వేశాను. శబ్దం తగ్గింది గానీ ఇప్పుడు వేగం పడిపోయి, మోటారు వేడెక్కుతోంది.

జవాబు: ఎక్కువైన నూనె కమ్యుటేటర్ (మోటారు ఇరుసుతో పాటు తిరుగుతూ తీగచుట్టలకు కరెంటు అందించే రాగి భాగం) మీదికి పాకి ఉంటుంది. దాన్ని ఆనుకుని కరెంటు ఇచ్చే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్షుల నుంచి రాలే పొడి నూనెతో కలిసి ముద్దై, కమ్యుటేటర్ రాగి పలకల మధ్య సందుల్లో కూరుకుంటుంది. కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి పలకలు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టవుతాయి. వేడికి కారణం అదే.

మోటారు లోపలికి చేరే వీలుంటే ఇయర్ బడ్‌కు ఆల్కహాల్ అద్ది, ఇరుసును వేళ్లతో తిప్పుతూ కమ్యుటేటర్ తుడవండి. సందుల్లోని ముద్దను చెక్క టూత్‌పిక్ మొనతో గీకండి, సూది వాడితే రాగి గీసుకుపోతుంది. బ్రష్షులు బాగా అరిగిపోతే మార్చండి. పాతకాలపు తెరిచి ఉండే మోటార్లలో అయస్కాంతాన్ని మాత్రం ఊడదీయకండి. ఆల్నికో రకమైతే బయటికి తీయగానే బలం కోల్పోతుంది, మళ్లీ అయస్కాంతీకరణ చేయించాల్సి వస్తుంది.

ఇక కొలత. మోటారు ఇరుసు రెండు చివర్లా, బేరింగ్ దగ్గర, సూదిమొన మీద నిలిచేంత నూనె చుక్క. అంతే. గేర్లకు నూనె కాదు, గ్రీజు వేయాలి. వర్మ్ గేరు (మోటారు ఇరుసు మీది మరలాంటి గేరు) మీద ఆవగింజంత పెడితే తిరుగుతూ అదే మిగతా పళ్లకు పాకుతుంది. రెండూ ప్లాస్టిక్‌కు హాని చేయని రకమే అయ్యుండాలి. తుప్పు వదిలించే స్ప్రేలు ఈ పనికి రావు. గ్రీజు పసుపు రంగుకు మారి గట్టిపడి ఉంటే దాని మీదే కొత్తది పూయకండి. గేర్లు విడదీసి, పళ్ల మధ్య పాతదంతా తీసేశాకే కొత్తది. ఆ తర్వాత మధ్యస్థ వేగంతో ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడపండి.

ప్రశ్న: చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ‘టక్’మని చిన్న కుదుపు. చక్రాలు శుభ్రంగానే ఉన్నాయి.

జవాబు: ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు చీలి ఉంటుంది. లోహపు ఇరుసు మీదికి బిగుతుగా ఎక్కించిన గేరు ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి గురై, రెండు పళ్ల మధ్య పగులుతుంది. పగులు తెరుచుకున్న చోట పళ్ల దూరం పెరిగి, చుట్టుకోసారి తగులుతుంది. భూతద్దంతో చూస్తే వెంట్రుకంత గీత కనిపిస్తుంది. జిగురుతో అతికించే ప్రయత్నం వృథా. ఈ ప్లాస్టిక్‌కు జిగురు నిలవదు, పైగా పళ్లలోకి కారితే మిగతా గేర్లూ పోతాయి. అదే పళ్ల సంఖ్య, అదే రంధ్రం కొలత ఉన్న గేరు తెచ్చి మార్చండి. బిగించాక చక్రాల మధ్య దూరం గేజితో సరిచూడండి, లేకుంటే పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) దగ్గర ఇంజన్ పట్టాలు తప్పుతుంది.

ప్రశ్న: చక్రాలకున్న రబ్బరు టైరు వదులైంది. తీసేసి నడపొచ్చా?

జవాబు: వద్దు. టైరు కోసం చక్రంలో గాడి ఉంటుంది. టైరు లేకపోతే ఆ చక్రం పట్టాకు సరిగా ఆనదు, లాగే శక్తి తగ్గుతుంది. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి వదులవుతుంది, కాబట్టి కారణం అదేనేమో చూసుకోండి. కొత్త టైరును పట్టకారుతో గాడిలో ఒక వైపు కూర్చోబెట్టి, చుట్టూ సాగదీస్తూ ఎక్కించండి, మెలిక పడకూడదు. రబ్బరున్న చక్రం కరెంటు తీసుకోదు. అందుకే అలాంటి ఇంజన్లలో మిగతా చక్రాలను మరింత తరచుగా తుడవాలి.

ప్రశ్న: పాత ఇంజన్ లోపలి లోహపు దిమ్మె ఉబ్బి, పైతొడుగు పట్టడం లేదు. దిమ్మె మీద సన్నటి పగుళ్లూ ఉన్నాయి. అరగదీసి సరిచేయొచ్చా?

జవాబు: పోత పోసేటప్పుడు జింకు మిశ్రమంలో సీసం వంటి మాలిన్యం కలిస్తే, కాలం గడిచేకొద్దీ లోపలినుంచే ఇలా చిట్లి ఉబ్బుతుంది. తేమ, వేడి దీన్ని వేగిరం చేస్తాయి. అరగదీస్తే తొడుగు ఈ ఏడాది పడుతుందేమో గానీ లోహం ఉబ్బడం ఆగదు. దీనికి మందు లేదు. ఇది పక్కనున్న ఇంజన్లకు అంటుకునే జబ్బూ కాదు. తొడుగును బలవంతంగా ఎక్కిస్తే అది కూడా చీలుతుంది, కనుక దిమ్మెను వెంటనే వేరుచేసి, మోటారు, చక్రాలు, తొడుగు కాపాడుకోండి. ఆ మోడల్‌కు విడిగా దిమ్మె దొరికితే మార్చండి, దొరక్కపోతే ఇంజన్‌ను అల్మారాలో ప్రదర్శనకు ఉంచండి.