చామంతి కటింగులు: తల్లిమొక్క మొగ్గ తొడగకముందే ఎప్పుడు తీయాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం చామంతి తల్లిమొక్కల మీదే. పూతకు వదిలేముందు కటింగులు ఎప్పుడు తీయాలి, తీసినవి మొక్కగా ఎదగకుండానే ఎందుకు పూస్తున్నాయి అని చాలామంది అడిగారు. దగ్గరదగ్గరగా ఉన్న ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: విత్తనం వేసి పెంచిన చామంతి మొక్కలు డజను ఉన్నాయి. ఏ మొక్క పువ్వు బాగుంటుందో పూస్తే తప్ప తెలియదు. నచ్చిన మొక్కను నిలుపుకోవాలంటే ముందే కటింగులు తీసి పెట్టుకోమన్నారు. మొగ్గ కనిపించాక తీస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. చామంతికి పూతవేళను చెప్పేది రాత్రి పొడవు. పగలు సుమారు పదమూడున్నర గంటల కంటే తగ్గి, చీకటి ఎక్కడా తెగకుండా సాగితే, వారం పది రోజుల్లోపే కొమ్మ కొస కొత్త ఆకులు పుట్టించడం మానేసి పువ్వుగా మారడం మొదలుపెడుతుంది. (ఈ హద్దు రకాన్ని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది.) ఆ మొగ్గ మన కంటికి ఆనేది మాత్రం మూడు వారాలు దాటాకే. అప్పుడు కోసిన కటింగు ఉన్న కాస్త తిండినీ మొగ్గకే పెడుతుంది. వేళ్లు ఆలస్యంగా, పలచగా వస్తాయి, మొక్క గిడసబారిపోతుంది.

అందుకే లెక్కను దీపం ఆపే రాత్రి నుంచి వెనక్కి కట్టాలి. రాత్రిపూట వెలుగిచ్చి ఆకుల దశలో నిలిపి ఉంచిన మొక్కలకు ఏ రాత్రి వెలుగు ఆపేస్తారో దాన్ని సున్నా రోజు అనుకోండి. దానికి 35 రోజుల ముందు కొమ్మల తలలు తుంచండి. మూడు వారాల్లో పక్క కొమ్మలు 10 నుంచి 12 సెం.మీ. పెరుగుతాయి. సున్నా రోజు ఇంకా 14 నుంచి 16 రోజులు ఉందనగా ఆ కొమ్మల నుంచి కటింగులు తీయండి. కోసినచోట తల్లిమొక్క మీద నిండు ఆకులు రెండు మూడు మిగలాలి. ఆ ఆకుల మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లే తర్వాత పూసేవి. వాటికి ఆ రెండు వారాల ఎదుగుదల దక్కకపోతే కాడలు పొట్టిగా ఉండిపోతాయి, పువ్వు చిన్నదవుతుంది. అది మొక్క గుణమో మన తొందరో తేల్చుకోలేం.

ఈ రెండు వారాల్లో ఇంకో ప్రయోజనం ఉంది. సున్నా రోజు వచ్చేసరికి కటింగులు వేరు తొడిగాయో లేదో కళ్లారా చూడొచ్చు. తొడగకపోతే దీపం ఆపకండి. మళ్లీ తీసి, తేదీని రెండు మూడు వారాలు వాయిదా వేయండి. వేళ్లు చూడకుండా తల్లిని పూతకు వదలొద్దు. పూత రెండు వారాలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు గాని, మంచి మొక్క చేజారితే మళ్లీ దొరకదు. విత్తనం మొక్క ఏదీ ఇంకోదానిలా ఉండదు కదా.

ఒక్కో మొక్కకు నాలుగు కటింగులు తీయండి, రెండు నిలిస్తే చాలు. తల్లికీ పిల్లలకీ ఒకే నంబరు రాసిన చీటీ కట్టండి. పెన్సిల్‌తో రాస్తే నీళ్లకు చెరగదు. వేళ్లు వచ్చినవాటిని 10 సెం.మీ. కుండీల్లోకి మార్చి, తల్లి పూసి మీరు తేల్చుకునేదాకా రాత్రి దీపం కిందే ఉంచాలి. చాలా రకాలు సున్నా రోజు నుంచి 7 నుంచి 10 వారాల్లో విచ్చుకుంటాయి. అప్పటిదాకా మూడు వారాలకోసారి తలలు తుంచుతూ ఉండండి.

ప్రశ్న: రాత్రి దీపం అంటే ఎంత వెలుగు, ఎంతసేపు?

జవాబు: రాత్రి 10 నుంచి 2 దాకా నాలుగు గంటలు. అర్ధరాత్రి వెలుగు వల్ల పొడవైన రాత్రి రెండు చిన్న రాత్రులుగా తెగిపోతుంది. సాయంత్రం చీకటి పడగానే నాలుగు గంటలు వెలిగించడం కంటే ఇది మేలు. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే పదార్థం ముఖ్యంగా ఎరుపు వెలుగును గుర్తిస్తుంది కాబట్టి పసుపు ఛాయ ఉన్న ఎల్ఈడీ బల్బు బాగా పనిచేస్తుంది. కొమ్మల కొసల దగ్గర వెలుగు 100 లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) ఉండాలి. 9 వాట్ల బల్బును మొక్కల తలలకు మీటరు ఎత్తున వేలాడదీస్తే సరిగ్గా దాని కింద అంత వెలుగు వస్తుంది, అంచులకు పోయేకొద్దీ తగ్గుతుంది. ఫోన్‌లోని లక్స్ మీటరు యాప్‌తో మూలమూలా చూడండి. వరసలో చివరి కుండీలే ముందుగా మొగ్గ తొడుగుతున్నాయంటే కారణం అదే. టైమరు పెట్టుకోవడం మంచిది. నాలుగు రాత్రులు మరిచిపోయినా కొసలు దారి మళ్లడం మొదలవుతుంది.

భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఏడాదిలో అతి పొడవైన పగలు కూడా 13 గంటలకు అటూఇటూ ఆగిపోతుంది. అక్కడ ఎండాకాలంలోనైనా దీపం లేకుండా తల్లిమొక్కను ఆకుల్లోనే నిలపడం దాదాపు కుదరదు.

ప్రశ్న: మొగ్గ బయటికి కనబడకముందే కొమ్మ పూతకు తిరిగిందని ఎలా పోల్చుకోవాలి?

జవాబు: కొస దగ్గరి ఆకుల్ని చూడండి. మామూలు చామంతి ఆకుకు అంచులు లోతుగా చీలి, తమ్మెలు తమ్మెలుగా ఉంటాయి. పూతకు తిరిగిన కొమ్మలో పైకి పోయేకొద్దీ ఆ చీలికలు తగ్గుతూ, చివరి రెండు మూడు ఆకులు సన్నగా, నున్నటి అంచుతో నాలుకలా ఉంటాయి. ఆ ఆకు కనిపిస్తే దాని వెనక మొగ్గ ఉన్నట్టే. వేళ్లతో కొస ఆకుల్ని మెల్లగా విప్పి చూడండి. మెత్తగా, మొనదేలి, ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటే ఆకు చిగురు. గుండ్రంగా, గట్టిగా, గింజలా తగిలితే మొగ్గ. అలాంటి కొసల్ని వదిలేసి, అదే కొమ్మ కింది కణుపుల నుంచి వచ్చిన చిగుళ్లను పరీక్షించండి. అవి చాలాసార్లు ఇంకా ఆకుల దశలోనే ఉంటాయి.

ప్రశ్న: కోసే పద్ధతి వివరంగా చెప్పండి. మాకు సగానికి సగం మొదలు నల్లబడి కుళ్లిపోతున్నాయి.

జవాబు: నలుపు చాలావరకు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, నత్రజని ఎక్కువై నీరు పట్టిన లేత కొమ్మ. రెండు, నీళ్లు ఇంకని మట్టి.

కోయడానికి పది రోజుల ముందు నుంచి తల్లిమొక్కకు యూరియాలాంటివి ఆపండి. ముందురోజు సాయంత్రం నిండుగా నీళ్లు పోసి, తెల్లవారి ఎండ ఎక్కకముందే తీయండి. కొమ్మను వంచితే టక్కున విరగాలి. వంగిపోతే మరీ లేత, నారపట్టి ఊడితే ముదురు. కోసిన చోట మధ్యలో బోలు కనిపించినా ముదిరినట్టే, అది వేరు వేయడానికి మొరాయిస్తుంది. కొస నుంచి 6, 7 సెం.మీ. పొడవున, కణుపుకు కాస్త కింద కోయండి. కింది రెండు ఆకులు తీసేయండి, పై ఆకుల జోలికి పోకండి. ఆకులన్నీ సగానికి కత్తిరించే అలవాటు కొందరికి ఉంది. నీటి తుంపర బాగా అందుతుంటే దాని అవసరం లేదు, వేళ్లకు తిండి ఇచ్చేది ఆ ఆకే.

మొదలు అర సెంటీమీటరు మేర 1000 నుంచి 1500 పీపీఎం ఐబీఏ (వేళ్లు తొడిగించే హార్మోన్) పొడిలో అద్ది, ఎక్కువైనది దులపండి. ముద్దలా అంటుకుంటే కాడ మాడుతుంది. కోకోపీట్ మూడు పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక పాలు కలిపి తడిపి, పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలేలా చూసుకోండి. పుల్లతో ముందే రంధ్రం చేసి 2 సెం.మీ. లోతున, 3 సెం.మీ. ఎడంగా గుచ్చండి. కాడతోనే పొడిస్తే పొడి మొత్తం పైనే రాలిపోతుంది. వాడిన మిశ్రమాన్ని మళ్లీ వాడొద్దు.

మొదటి వారం ఆకు మీద తడి ఆరకూడదు, కాడ మొదలు దగ్గర నీరు నిలవకూడదు. అంటే పైనుంచి పొగమంచులా తుంపర కొట్టాలి గాని మగ్గుతో పోయకూడదు. పాలిథిన్ కప్పు వేస్తే రోజుకు రెండుసార్లు తీసి గాలి తగలనివ్వండి, నేరుగా ఎండలో పెట్టకండి. మిశ్రమం వేడి 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే 5 నుంచి 7 రోజుల్లో మొదలు ఉబ్బి తెల్లటి బుడిపె కడుతుంది, 10 నుంచి 14 రోజుల్లో వేళ్లు వస్తాయి. రోజూ పీకి చూసేవాళ్లకు వేళ్లు ఎప్పటికీ రావు. మెల్లగా లాగినప్పుడు పట్టు తెలిస్తే చాలు. వేళ్లు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉన్నప్పుడే మార్చండి. చిక్కుపడేదాకా ఆగితే తీసేటప్పుడు తెగుతాయి.

కత్తి సంగతి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లే ముందు ఒక పాలు బ్లీచ్ ద్రావణం, తొమ్మిది పాళ్ల నీళ్లలో ముంచండి. మొక్కను గిడసబార్చే స్టంట్ వైరాయిడ్ (వైరస్ కంటే చిన్నదైన రోగకారకం) కత్తి మీద, చేతుల మీద ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతుంది. స్పిరిటుతో తుడిస్తే అది పోదు. సోకిన లక్షణాలు నెలల తర్వాత గాని బయటపడవు. అప్పటికి ఆ తల్లి నుంచి తీసినవన్నీ చెడ్డట్టే.

ప్రశ్న: తల్లిమొక్కలకు దీపం సరిగానే పెట్టాం, మొగ్గ లేని కొమ్మలే కోశాం. అయినా కటింగులు వేరు పట్టి నాలుగైదు ఆకులు వేయగానే మొగ్గ తొడిగాయి. ఎక్కడ పొరపాటు?

జవాబు: ముందుగా ఒకటి చెప్పండి, వేరు పట్టే ఆ రెండు వారాలు కటింగుల ట్రేలు ఎక్కడున్నాయి? తల్లిమొక్కల మీద వెలిగే దీపం ట్రేల మీద వెలగకపోవడం చాలామంది దగ్గర కనిపించేదే. వేరు లేకపోయినా ఆకు రాత్రిని లెక్కపెడుతూనే ఉంటుంది. కోసిన రాత్రి నుంచే ట్రేలకు కూడా అదే నాలుగు గంటల వెలుగు ఇవ్వాలి. కుండీలోకి మార్చాక ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు కొనసాగించాలి.

ట్రేలకూ వెలుగు ఉందంటే తల్లిమొక్క వయసును అనుమానించండి. చామంతి కొమ్మను తుంచకుండా వదిలేస్తే, రాత్రంతా దీపం ఉన్నా, చాలా ఆకులు వేశాక తనంతట తానే మొగ్గ తొడుగుతుంది. కొమ్మ కొస తాను పుట్టించిన ఆకుల లెక్కను కటింగుతో పాటే తీసుకెళ్తుంది. అందుకే తల్లిని ఖాళీగా ఉంచకూడదు. కటింగు అవసరం లేకపోయినా మూడు వారాలకోసారి తలలు తుంచాలి, నాలుగైదు నెలలకోసారి తల్లినే మార్చేయాలి. కొత్త తల్లిని పాతదాని కటింగుల్లో బలమైన దాని నుంచే తయారుచేసుకోండి.

ప్రశ్న: దీపం ఆపి నెలన్నర అయింది. తల్లిమొక్కకు మొగ్గలు కనిపించి అక్కడే ఆగిపోయాయి, చుట్టూ ఆకు కొమ్మలు లేస్తున్నాయి.

జవాబు: పూత మొదలయ్యాక రాత్రికి మళ్లీ వెలుగు తగిలింది. మొగ్గ పుట్టడానికి కావలసిన దానికంటే అది ఎదగడానికి ఇంకాస్త పొడవైన రాత్రి కావాలి. గేటు దీపమో, కిటికీ వెలుగో, పక్కనే ఉన్న కటింగుల దీపమో చూడండి. తల్లినీ పిల్లల్నీ ఒకేచోట పెంచేవాళ్లకు ఈ చివరిదే ఎక్కువ. మధ్యలో నల్లటి మందపాటి గుడ్డ అడ్డం కట్టండి, లేదా తల్లిని సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా కప్పి ఉంచండి. మొగ్గలో రంగు కనబడేదాకా ఒక్క రాత్రీ మానొద్దు. ఎండాకాలంలో గుడ్డను చీకటి పడ్డాకే వేయండి. లోపల ఉక్కపోసి రాత్రి వేడి 27, 28 డిగ్రీలు దాటితే చీకటి ఎంత ఇచ్చినా పూత వెనకబడుతుంది.

ప్రశ్న: కటింగులు తీయలేదు, మొక్క పూసేసింది. పువ్వు చాలా బాగుంది. ఇక దారి లేదా?

జవాబు: ఉంది, రెండు నెలలు ఓపిక పట్టాలి. పూలు వాడగానే కాడల్ని నేలకు 10 నుంచి 15 సెం.మీ. వదిలి కోసేసి, ఆ రాత్రి నుంచే దీపం పెట్టండి. కాడలు కోసేసిన మొక్కకు నీరు తక్కువ చాలు, కొత్త ఆకు కనబడేదాకా ఎరువు వేయకండి. మొదలు నుంచి పిలకలు లేస్తాయి. వాటిని 10 సెం.మీ. పెరగనిచ్చి, ముందు తలలు తుంచి, ఆ తర్వాత వచ్చే పక్క కొమ్మల నుంచి కటింగులు తీయండి. మొదట వచ్చే ఆకులు వంకరగా, చీలికల్లేకుండా ఉంటే కంగారు పడకండి. మొక్క పూత నుంచి ఆకుల దశకు తిరిగేటప్పుడు అలాగే ఉంటుంది. మామూలు చీలిక ఆకు వచ్చాకే కోతకు దిగండి.

ప్రశ్న: కోసిన కటింగుల్ని వెంటనే నాటలేకపోతే?

జవాబు: ఆకు మీద నీటి చుక్కలు లేకుండా ఆరనిచ్చి, పాలిథిన్ సంచిలో వేసి ఫ్రిజ్‌లో 2 నుంచి 4 డిగ్రీల దగ్గర పెట్టండి. వారం పది రోజులు ఢోకా ఉండదు. ఫ్రీజర్‌కు ఆనించొద్దు, పండ్ల పక్కన పెట్టొద్దు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆకులు పసుపెక్కి రాలిపోతాయి.