కొండ సీతాఫలాల మీద ఊరి ఆడవాళ్లకు హక్కు ఉందా?

ప్రశ్న: మాది కడప జిల్లాలో పాలకొండల కింది పల్లె. మా అవ్వల కాలం నుంచీ ఆడవాళ్లం కొండెక్కి సీతాఫలాలు కోసుకొచ్చి రోడ్డు పక్కన అమ్ముకుంటున్నాం. ఈసారి కాయలు ఇంకొకరు వేలంలో పాడుకున్నారని మా గంపలు దించేశారు. మేము ఎస్టీలం కాము. మాకేమైనా హక్కు ఉంటుందా?

జవాబు: ఉండే అవకాశం గట్టిగా ఉందమ్మా, అయితే అది ఇంకా కాగితం మీదికి ఎక్కవలసిన హక్కు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు మాత్రమేనని చాలామంది పొరబడతారు. 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడి బతికిన ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు కూడా అది వర్తిస్తుంది. ఇల్లు అడవి లోపలే ఉండనక్కరలేదని, జీవనోపాధికి అడవి మీద ఆధారపడితే చాలునని కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2008లో వివరణ ఇచ్చింది.

సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తులను ఏరుకునే, అమ్ముకునే హక్కును సెక్షన్ 3(1)(సి) ఇస్తుంది. కలప కాకుండా చెట్టు చేమల నుంచి వచ్చేదంతా ఆ నిర్వచనంలోకి వస్తుంది కనుక సీతాఫలం కూడా అందులో చేరుతుందని నా అభిప్రాయం. మిగిలిన కాయలు అమ్ముకోవడం కూడా జీవనోపాధిలో భాగమేనని ఆ చట్టం కింద చేసిన నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. హక్కు గుర్తించాక సేకరణ మీద రాయల్టీ గాని రుసుము గాని వసూలు చేయరాదని ఆ నియమాలకు 2012లో చేసిన సవరణ చెబుతోంది.

మీ కొండ రిజర్వు అడవా, రెవెన్యూ పొరంబోకా అన్నది ముందుగా తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబరుతో తేల్చుకోండి. అడవే అయితే గ్రామసభ పెట్టించి, అటవీ హక్కుల కమిటీ ద్వారా ఊరందరి పేరున ఫారం-బిలో దరఖాస్తు చేయాలి. అసలు కష్టం సాక్ష్యంలో ఉంది, ఎందుకంటే 1930 నాటి కాగితం మీ ఇళ్లలో దొరకదు. అయితే దరఖాస్తుదారులు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా తీసుకోవచ్చని, తినదగిన అడవి పండ్లు ఏరుకునే చోట్లు సామూహిక హక్కుకు సాక్ష్యమవుతాయని నియమం 13 అంటుంది. ఒక్క సాక్ష్యంతో ఆగకండి. ఎప్పుడైనా కాయలు తెచ్చినందుకు వేసిన జరిమానా రసీదు ఉంటే పారేయకండి, మీరు కొండకు వెళుతున్నారనడానికి అదే రుజువు.

హక్కు గుర్తింపు వచ్చే వరకు రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీసుకోవడాన్ని నిషేధించే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం సెక్షన్ 20 అమలులోనే ఉంటుంది కాబట్టి సిబ్బందితో తగాదా వద్దు. ఎర్రచందనం దొంగల భయంతో వాళ్లు ప్రతి ఒక్కరినీ అనుమానిస్తారు, కనుక గొడ్డలీ కొడవలీ వెంట తీసుకెళ్లకండి. ఆ వేలం అడవిలోని ఏ కంపార్ట్‌మెంటుకు, అంటే అటవీ శాఖ విభజించిన ఏ భాగానికి, జరిగిందో తెలిపే ఉత్తర్వు నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గ్రామసభ పంపిన దరఖాస్తును పరిశీలించే సబ్ డివిజన్ కమిటీ దాన్ని తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా తీసుకుని, 60 రోజుల్లోగా కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి అప్పీలు చేయండి.