ఆడ కార్న్ స్నేక్‌ను జత కలపడానికి బరువు ఒక్కటి చూస్తే చాలదు

నా ఆడ కార్న్ స్నేక్‌కు (అమెరికాలో ఇళ్లలో పెంచుకునే విషం లేని పాము) రెండేళ్లు, బరువు 340 గ్రాములు, అయిదు రోజులకొక ఎలుక పెడుతున్నాను, ఈ మార్చిలో మగదానితో కలపవచ్చా అని మీరు అడిగారు. ఈ ఏడాది వద్దండీ. బరువు తక్కువని కాదు, అది వచ్చిన తీరే నాకు నచ్చలేదు.

కార్న్ స్నేక్‌లు పెంచేవాళ్లలో ఒక లెక్క ఉంది: మూడేళ్లు, మూడడుగులు, 300 గ్రాములు. మూడూ కలిసి రావాలి. డాలస్‌లో నేను మొదటి పామును పెంచినప్పుడు చివరి అంకె ఒక్కటే పట్టుకున్నాను. వారానికి రెండు ఎలుకలు పెట్టి, రెండేళ్లు తిరిగేసరికి 410 గ్రాములకు తెచ్చి మురిసిపోయాను. పదకొండు గుడ్లు పెట్టి ఆగిపోయింది. మర్నాడు పొట్ట తడిమితే తోకకు కాస్త ముందు రెండు గట్టి ముద్దలు తగిలాయి. పశువైద్యురాలు సూదితో గుడ్ల లోపలి ద్రవాన్ని లాగేశాక ఒకటి ఆ రాత్రి, రెండోది మూడో రోజున బయటపడ్డాయి. తర్వాత ఆమె నా వేలు పట్టుకుని తోక మొదట్లో పెట్టించింది. మెత్తగా, దూది కుక్కినట్టు ఉంది. అంతకాలం నేను బలమనుకున్నది ఆ కొవ్వునే.

పాముకు కొవ్వు ఎక్కువగా పొట్ట వెనుక భాగంలో చేరుతుంది. అందుకే నేను ముందు చూసేది అక్కడే. ఆరోగ్యంగా ఉన్న ఆడపాములో ఒళ్లు విసర్జన ద్వారం దాటి తోకలోకి నెమ్మదిగా సన్నబడుతుంది. కొవ్వు పట్టినదానికి ద్వారం ముందు ఉబ్బుగా ఉండి, తోక అక్కడే హఠాత్తుగా సన్నబడుతుంది, లావుపాటి కొమ్మకు సన్న పుల్ల అంటుకట్టినట్టు. చుట్ట చుట్టుకుని పడుకున్నప్పుడు ఒంపుల దగ్గర ముడతలు పడినా, పొలుసులు విడిపోయి మధ్య చర్మం కనబడినా అనుమానించండి. అయితే మేత తిన్న రెండు మూడు రోజులూ, గుడ్లతో ఉన్నప్పుడూ కూడా చర్మం అలాగే సాగుతుంది. కాబట్టి తిన్న అయిదారు రోజులకు, మలవిసర్జన అయ్యాకే చూడాలి. బరువు తూచడానికీ అదే సమయం. వంటింటి త్రాసు, మూత ఉన్న డబ్బా చాలు.

బక్కదాన్ని పట్టుకోవడం తేలిక. వెన్ను పెంకుటింటి కప్పు నడికొప్పులా పైకి తేలుతుంది, పక్కలు లోపలికి జారతాయి. బాగున్నదానికి పొట్ట చదునుగా, వీపు గుండ్రంగా ఉంటుంది. వెన్నుపూస వేలికి తెలుస్తుంది కానీ గుచ్చుకోదు. చేతిలో తేడా ఎలా ఉంటుందంటారా? లేత పొట్లకాయను, వాడిపోయిన పొట్లకాయను పట్టి చూడండి. మంచి ఒళ్లున్న పాము మణికట్టును తానే బిగించి పట్టుకుంటుంది. వేలాడిపోతుంటే ఎంత బరువున్నా నేను కలపను.

నోరు, ఊపిరి చప్పుడు, పొలుసుల సందుల్లో పురుగులు ఎలాగూ చూస్తారు కదా.

రెండో పాముకు మూడేళ్లు నిండేదాకా ఆగాను. 365 గ్రాములుండేది. చలికాలంలో రెండు నెలలు శీతనిద్ర కోసం చల్లని గదిలో, కడుపు ఖాళీ అయ్యాకే పెట్టాను. తీసేసరికి 8 గ్రాములే తగ్గింది. నిద్రలో బాగా చిక్కిపోయినదాన్ని ఆ ఏడాది కలపకపోవడమే మంచిది. దీనికి నాలుగు మేతలు పెట్టి, కుబుసం విడిచాక మగదాన్ని వదిలాను. పద్నాలుగు గుడ్లూ ఒక్క రాత్రిలో పెట్టేసింది.

మీరు ఇప్పుడు మేత పది పన్నెండు రోజులకొకటి చేయండి. ఒక్కసారిగా మాడ్చవద్దు. మగది లేకపోయినా కొన్ని ఆడపాములు వసంతంలో గొడ్డు గుడ్లు పెడతాయి, అందుకని గుడ్లు పెట్టుకోవడానికి తడి నాచు డబ్బా సిద్ధంగా ఉంచండి.

కింద వ్యాఖ్యల్లో ఒకరు హైదరాబాద్‌లో జెర్రిపోతును పట్టి ఇలాగే పెంచవచ్చా అని అడిగారు. కూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

మీ పామును కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పైనుంచి ఒకటి, తోక మొదలు దగ్గరగా ఒకటి ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.