ఓడ ఎక్కే విద్యుత్ కారుకు బ్యాటరీ ఎక్కడ బిగించాలి?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ సంస్థ విద్యుత్ కార్లను తూర్పు ఆఫ్రికాకు పంపబోతోందనీ, బ్యాటరీలు ఇక్కడే బిగించాలా, విడిగా పంపి అక్కడ బిగించుకోవాలా అన్నది తేల్చే పని నీకు అప్పగించారనీ రాశావు. ఇన్నేళ్లు పోర్టుల్లో వాహనాల ఎగుమతి చూసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. సుంకంలో పెద్ద తేడా ఉంటే తప్ప, బ్యాటరీని ఫ్యాక్టరీలోనే బిగించి కారుతోపాటే పంపించండి.

బ్యాటరీ ప్యాక్ అంటే కారు అడుగున వందల కిలోల బరువుతో ఉండే పెట్టె. దాన్ని ఎత్తి పెట్టి, నిర్ణీత బిగువుతో బోల్టులు బిగించి, శీతలీకరణ గొట్టాలనూ నారింజ రంగు హైవోల్టేజి కేబుళ్లనూ కలిపిన తర్వాత, ఎక్కడా లీకు లేదనీ, కరెంటు బాడీలోకి పారడం లేదనీ పరీక్షించాలి. ఫ్యాక్టరీలో ఇది లైను చివర ప్రతి కారుకూ జరిగే పని. గమ్యదేశంలో అదే పని చేయించాలంటే లిఫ్ట్ టేబుల్, పరీక్షా పరికరాలు, శిక్షణ పొందిన మనుషులు, అన్నిటినీ మీరే సమకూర్చుకోవాలి.

నిబంధనలు కూడా ఇటువైపే మొగ్గుతాయి. ప్రమాదకర సరుకుల సముద్ర రవాణాకు వర్తించే అంతర్జాతీయ నియమావళి ఐఎండీజీ కోడ్. దాని ప్రకారం విడి లిథియం అయాన్ బ్యాటరీకి గుర్తింపు సంఖ్య యూఎన్ 3480, బ్యాటరీ బిగించిన కారుకు యూఎన్ 3556. రెండూ తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకులే, రెండింటికీ యూఎన్ 38.3 అనే బ్యాటరీ భద్రతా పరీక్షల నివేదిక కావాలి. అయితే విడి బ్యాటరీకి ప్యాకింగ్, లేబుళ్ల నిబంధనలు బాగా ఎక్కువ, కారులో ఉన్నదానికి కారు బాడీయే రక్షణ. పాత కాగితాల నమూనాల్లో లిథియం కార్లకు ఇంకా యూఎన్ 3171 కనిపిస్తుంది. 2026 జనవరి 1 నుంచి కొత్త సంఖ్య తప్పనిసరి కనుక, మీ ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటు) పంపే ప్రమాదకర సరుకుల డిక్లరేషన్‌లో ముందుగా ఆ గడి చూడు.

సుంకం మాట వేరు. మన దేశంలోనే విడిభాగాలుగా వచ్చే విద్యుత్ కారుకు, బ్యాటరీ ప్యాక్, మోటారు ముందే కూర్చి ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి సుంకం మారుతుంది. అందుకే ఏజెంటు నోటిమాట మీద ఆధారపడకుండా, గమ్యదేశపు కస్టమ్స్ నుంచి లిఖితపూర్వక వివరణ తీసుకోవాలి. బిగింపు స్థలాన్ని మార్చినంత మాత్రాన బ్యాటరీ పుట్టిన దేశం మారదన్నది కూడా మీ యాజమాన్యానికి స్పష్టంగా చెప్పు. ఉదాహరణకు, బ్రిటన్, ఐరోపా సమాఖ్యల మధ్య వాణిజ్య ఒప్పందంలో 2027 నుంచి కఠినమయ్యే మూలస్థాన నియమాలు (సరుకు ఏ దేశానిదో తేల్చేవి) బ్యాటరీ విషయంలో చూసేది అది ఎక్కడ తయారైందన్నదే, ఎక్కడ బిగించారన్నది కాదు.

ఇక ప్రయాణం. చాలామంది పెద్ద బ్యాటరీ గురించి కంగారుపడి చిన్న 12 వోల్టుల బ్యాటరీని మరిచిపోతారు. వారాల ప్రయాణంలో అది డిశ్చార్జి అయితే పెద్ద బ్యాటరీని కారుకు కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లు పనిచేయవు; తలుపులు తెరుచుకోకపోవచ్చు, పార్కింగ్ బ్రేకు వదలదు, కారు డెక్ మీద బండరాయిలా నిలిచిపోతుంది. చక్రాలు నేలమీద ఉండగా లాగితే మోటారు తిరిగి కరెంటు పుట్టించవచ్చు, కాబట్టి లాగనివ్వకూడదు. కారును ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌లో (రవాణాలో బ్యాటరీ వాడకం తగ్గించే అమరికలో) పెట్టడం, అత్యవసర తాళంచెవితో తలుపు తీసి బానెట్ తెరిచే విధానం కాగితం మీద రాసి అద్దానికి అతికించడం మీ బాధ్యతగా భావించండి. పెద్ద బ్యాటరీ చార్జి ఎంత ఉండాలో నౌకా సంస్థ చెబుతుంది; నిండా చార్జి చేసి మాత్రం ఎక్కించకూడదు, ఎక్కి దిగడానికి సరిపడా ఉంటే చాలు.

2023 జులైలో నెదర్లాండ్స్ తీరంలో ఫ్రీమాంటిల్ హైవే ఓడ తగలబడి మన భారతీయ నావికుడు ఒకరు చనిపోయారు. అందులోని సుమారు 3,800 వాహనాల్లో దాదాపు 500 విద్యుత్ కార్లు. మంట వాటివల్లే పుట్టిందని ఎవరూ రుజువు చేయలేదు. కానీ లిథియం సెల్స్ ఒకసారి అంటుకుంటే ఆర్పినట్టే ఆరి మళ్లీ రాజుకుంటాయి, విషవాయువులు వదులుతాయి. ఆ డెక్ మీద మనుషులు ఉంటారు. కనుక అడుగుభాగానికి దెబ్బ తగిలిన కారును, వరదనీటిలో మునిగిన కారును, ఎంత ఒత్తిడి వచ్చినా ఎక్కించకు. అలాంటి బ్యాటరీలకు వేరే నిబంధనలు, వేరే ప్యాకింగ్ ఉన్నాయి.

బుకింగ్ మీద సంతకం పెట్టేముందు నౌకా సంస్థ షరతులూ, బీమా పాలసీలో మినహాయింపుల పేజీ నాకు పంపించు. రెండూ కలిపి చదివి నా అభిప్రాయం రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య