సీసా మూత ఎవరు ముట్టుకున్నారు?

నల్లగొండ

బిడ్డా,

ఉల్కల్లో జీవం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మక్తల్ నుంచి నన్ను వెతుక్కుంటూ పంపినదానికి "బాగుంది, రాస్తూ ఉండు" అని నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే నీకు అన్యాయం చేసినట్టే అవుతుంది.

ముందు నచ్చింది చెబుతాను. నాయనమ్మ పక్కన దాబా మీద పడుకుని చుక్క తెగిపడటం చూసిన రాత్రి చాలా బాగా వచ్చింది. అందులో ఒక్క అక్షరం కూడా కదపకు. రెండో పేరాలోకి వచ్చేసరికి మాత్రం "ఉల్కల్లో గ్రహాంతర జీవం దొరికింది" అని రాసేశావు. దొరకలేదమ్మా. దొరికిందని చెప్పినవాళ్లు ఉన్నారు, వాళ్లలో పేరున్న శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ మాట ఎందుకు నిలబడలేదో నువ్వు రాయాలి.

నీ వయసులో నేను ఫ్లోరైడ్ గురించి రాయడానికి మర్రిగూడ వైపు తిరిగేవాణ్ని. ఒకరోజు నీళ్ల శాంపిళ్లు తీసే ఆయనతో వెళ్లాను. ఆ రోజు ఆయన సూక్ష్మజీవుల పరీక్షకు కూడా నీళ్లు పట్టాలి. దానికి సీసా వేరు, ముందే శుద్ధి చేసి మూత బిగించి తెస్తారు. ఆయన నల్లా మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలి, సీసా మూత తీసి లోపలివైపు వేలు తగలకుండా పట్టుకున్నాడు. ఇంతలో ఒక పిల్లవాడు సాయం చేద్దామని ఆ మూతను అందుకున్నాడు. ఆయన ఆ సీసాను పక్కన పెట్టి సంచిలోంచి ఇంకొకటి తీశాడు. "ఇగ దీంట్ల పురుగు దొరికితే అది నీళ్లదా, పిలగాని వేలిదా అని నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. ఉల్కల మీద వాదన చదివినప్పుడల్లా నాకు ఆ సీసా గుర్తొస్తుంది.

1864 మే 14న ఫ్రాన్స్‌లో ఆర్గాయ్ అనే ఊరి దగ్గర ఉల్కాశిలలు పడ్డాయి. దాదాపు నూరేళ్ల తర్వాత, 1961లో, బార్తొలొమ్యూ నాగీ, జార్జ్ క్లాస్ మొదలైన శాస్త్రవేత్తలు వాటిలో సూక్ష్మజీవుల శిలాజాల్లాంటి ఆకారాలు చూశామని ప్రకటించారు. ఎడ్వర్డ్ ఆండర్స్ లాంటి తోటి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఆ ఆకారాల్లో కొన్ని రాగ్‌వీడ్ పుప్పొడి అని తేలింది. మన పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామకు అది దగ్గరి చుట్టం. రెండూ గాలిలో పుప్పొడి చల్లి జనాన్ని తుమ్మించేవే.

అసలు కథ ఆ తర్వాత ఉంది. మోంతొబాన్ మ్యూజియంలో 1864 నుంచీ గాజు జాడీలో మూతపెట్టి ఉంచిన ఒక ముక్కను ఆండర్స్ బృందం తీసి చూసింది. లోపల తుంగలాంటి మొక్క గింజలు, బొగ్గు ముక్కలు ఉన్నాయి. పైపొర మామూలుగా కనిపించేలా జిగురుతో అతికించి ఉంది. ఎవరో కావాలని చేసిన పని! ఆ ఉల్క పడటానికి కొన్ని వారాల ముందే పారిస్‌లో లూయీ పాశ్చర్, జీవం దానంతటదే పుట్టదని పేరుమోసిన ఉపన్యాసం ఇచ్చాడు. ఆ వాదన వేడిలో ఎవరో చేసి ఉంటారని ఒక ఊహ. చేసిందెవరో ఇప్పటికీ తేలలేదు. నువ్వు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే సగం వ్యాసం ఆ జాడీకే ఇస్తాను.

అంటార్కిటికాలో 1984 డిసెంబర్‌లో దొరికిన, అంగారక గ్రహం నుంచి ఉల్కగా వచ్చి పడ్డ శిల ఏఎల్‌హెచ్ 84001 గురించి నువ్వు రాసినదాంట్లో తేదీలు సరిగ్గానే ఉన్నాయి. 1996 ఆగస్టులో నాసా శాస్త్రవేత్త డేవిడ్ మెకే బృందం అందులో ప్రాచీన జీవపు ఆనవాళ్లు ఉన్నాయంటే, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాని మీద టీవీల ముందు మాట్లాడాడు. ఆ శిలలో పురుగుల్లా కనబడ్డ ఆకారాల ఫోటో నువ్వూ పెట్టావు. అవి వెంట్రుక మందంలో నూరో వంతు కన్నా చిన్నవని, అంత చిన్నదాంట్లో కణం పట్టడం కష్టమని చాలామంది అన్న సంగతి మాత్రం రాయలేదు. మెకే బృందం చూపిన ఆనవాళ్లకు జీవం లేకుండానే దారి ఉందని ఒక్కొక్కటిగా చూపించారు. 2022లో వచ్చిన అధ్యయనం ఆ శిలలోని కార్బన్ పదార్థాలు నీళ్లు, రాయి కలిసిన చర్యలవల్లే ఏర్పడ్డాయంది. మెకేను తక్కువ చేసి మాత్రం రాయకు. తన ఆధారాలన్నీ బయటపెట్టి పరీక్షించుకోమన్న మనిషి ఆయన.

ఇక భాష. "ఉల్కలో సేంద్రియ పదార్థాలున్నాయి" అని నాలుగుచోట్ల రాశావు. మన రైతుకు సేంద్రియం అంటే పెంట ఎరువు, వర్మీ కంపోస్టు. ఆ మాట చదవగానే అక్కడ ఏదో బతికి చచ్చిందనే అనుకుంటాడు. "కార్బన్ సమ్మేళనాలు, జీవం లేకుండా కూడా తయారవుతాయి" అని విడమరిచి రాయి. ఆస్ట్రేలియాలో 1969లో పడ్డ మర్చిసన్ ఉల్కలో 70కి పైగా అమైనో ఆమ్లాలు దొరికాయి. బెన్నూ గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, మన ప్రోటీన్లు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయి. చెప్పుల జతలా వీటికి ఎడమ, కుడి రూపాలుంటాయి. భూమి మీద ప్రాణులు దాదాపు ఎడమవే వాడతాయి. బెన్నూలో రెండూ ఇంచుమించు సమానం. ఇల్లు కట్టే ఇటుకలు ఉన్నాయి, ఇల్లు మాత్రం కనబడలేదు. నాకు అదే చాలా పెద్ద సంగతి. దాన్ని చిన్నబుచ్చకు.

ర్యుగు సంగతి తప్పకుండా చేర్చు. జపాన్ వాళ్లు 2020లో ఆ గ్రహశకలం నుంచి 5.4 గ్రాములు ఎంతో జాగ్రత్తగా తెచ్చారు. అందులో ఒక రేణువు మీద కడ్డీల్లాంటి సూక్ష్మజీవులు కనబడ్డాయని 2024లో లండన్ శాస్త్రవేత్తలు రాశారు. ముందు తీసిన ఎక్స్‌రే స్కాన్‌లో అవి లేవు. తర్వాత పెరిగాయి, తగ్గాయి. అంటే భూమి మీద ఎక్కినవే. అంత కాపలాలోనూ ఎక్కితే, పొలంలో పడి నాలుగు చేతులు మారిన రాయి మాటేమిటి?

హైదరాబాద్ నుంచి 2001, 2005లలో ఎగరేసిన బెలూన్ల సంగతి కూడా మన పాఠకులకు చెప్పు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ లాంటివాళ్లు నడిపిన ప్రయోగం అది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో పట్టిన గాలిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయి. అవి అంతరిక్షం నుంచే వచ్చాయని తేలినట్టు కాదని ఆ ఫలితాలు చెప్పిన ప్రకటనలోనే ఉంది. ఆ నిజాయితీని నీ వ్యాసంలోకి తీసుకో.

మీ ఊరికి దగ్గర్లోనే ముడుమాల్ నిలువురాళ్లున్నాయి. అక్కడ ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలమని పరిశోధకులు చెబుతారు. ఈ ఆదివారం వెళ్లి ఒక గంట కూర్చో. ఎవరూ చెప్పకముందు నీకు ఏ ఆకారం కనబడుతుందో కాగితం మీద గీసుకో. చెప్పాక ఏం కనబడిందో పక్కనే గీయి. ఆ కాగితమూ, తిరగరాసిన రెండో పేరా కలిపి నాకు పంపు. మిగతాది వాటిని చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో