రాత్రి రికార్డింగులో టిక్ టిక్: మైక్ మార్చక్కర్లేదు

సొంతంగా చేసుకున్న రికార్డరుతో రాత్రి కప్పల అరుపులు రికార్డు చేస్తుంటే ప్రతి రెండు సెకన్లకీ టిక్ మంటోంది, మైక్ మార్చాలా అని అడిగారు కదా. ఆ టిక్ చాలావరకు మెమరీ కార్డు వల్లేనండి. కార్డు డేటా రాసినప్పుడల్లా ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, సప్లై వోల్టేజీ కాస్త దిగుతుంది. అదే లైను మీదున్న మీ ఎలక్ట్రెట్ మైక్ (చిన్న వోల్టేజీ ఇస్తేనే పనిచేసే రకం) ఆ కుదుపుని పట్టేస్తుంది.

1. మైక్ బయాస్‌ని, అంటే మైక్‌కి ఇచ్చే ఆ చిన్న వోల్టేజీని, విడిగా రెండు ఏఏ సెల్స్ నుంచి ఇచ్చి వినండి. టిక్ పోకపోతే తప్పు గ్రౌండు (మైనస్) వైర్లలో ఉండొచ్చు, నేరుగా 3కి వెళ్ళండి.

2. టిక్ పోతే, బయాస్‌ని మళ్ళీ పాత లైనుకే కలిపి, అందులో సప్లై వైపు 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండుకి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఆ తర్వాత మైక్ వైపు ఇప్పటికే ఉన్న 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీయొద్దు.

3. అందరూ మర్చిపోయేది ఇదే. 2లో కెపాసిటర్ పెట్టి ఉంటే, దాని రెండో కాలు ప్రీయాంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) గ్రౌండుకే సోల్డర్ చేయండి. కార్డు పక్కన కలిపితే ఆ ఫిల్టరే టిక్‌ని మైక్ దాకా మోసుకొస్తుంది. కెపాసిటర్ పెట్టినా పెట్టకపోయినా, కార్డు గ్రౌండు వైరు, ప్రీయాంప్ గ్రౌండు వైరు బ్యాటరీ మైనస్ దగ్గర మాత్రమే కలవాలి.