అలైన్‌మెంటుకు ముందు చక్రం ఊపి చూడండి

పరాయి దేశానికి వచ్చిన కొత్తలో ఎవరి దగ్గరో పాత కారు కొనుక్కుని, రెండు నెలలు తిరగకముందే "బండి ఒక పక్కకు లాగుతోంది, అలైన్‌మెంటు ఎక్కడ చేయించాలి?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. అలైన్‌మెంటు అంటే చక్రాల కోణాలను సరిచేయడం. వారికి నేను చెప్పేది, అప్పుడే చేయించకండి అని. నా మొదటి కారుకు ఒకే ఏడాదిలో మూడుసార్లు అలైన్‌మెంటు చేయించాను. చేయించిన వారం బాగుండేది, ఆ తర్వాత మళ్లీ మొదటికే వచ్చేది. నాలుగోసారి వెళ్లిన చోట ఒక ముసలి మెకానిక్ కారును లిఫ్టు మీదికి ఎక్కించి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది చేయి) వెనక బుష్ (అతుకులో ఉండే రబ్బరు) దగ్గర ఇనుప కడ్డీ దూర్చి కదిపి చూపించాడు. రబ్బరు నిలువునా చీలిపోయి ఉంది. చక్రాన్ని పట్టి ఉంచాల్సిన ఆర్మే అటూ ఇటూ కదులుతుంటే, సరిచేసిన కోణాలు ఎన్నాళ్లు నిలుస్తాయి?

లాగుతోందని అనుకున్నప్పుడు ముందుగా ఖర్చు లేనివి చూసుకోవాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు నాలుగింటిలోనూ గాలి కొలవండి. నీరు పారడానికి రోడ్డును అంచువైపు కొద్దిగా వాలుగా వేస్తారు కాబట్టి, చేతులు వదిలితే బండి కొంచెం అటు జరగడం సహజమే. చదునైన చోట కూడా లాగితే ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడండి (ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లకు ఇది పనికిరాదు). లాగే పక్క మారితే తప్పు టైరుదే. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కి ఉంటే బ్రేకు పట్టేసి ఉండవచ్చు. ఇక స్టీరింగ్ వణుకుడు వేరే సంగతి. వేగం పెరిగినప్పుడు వణికితే టైర్ల బ్యాలెన్సింగ్ చూడాలి, బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు చూడాలి. ఈ రెండూ అలైన్‌మెంటుతో పోవు.

చప్పుళ్లను వినడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. నెమ్మదిగా పోతూ చిన్న చిన్న గతుకుల మీద టకటకమంటే ఎక్కువగా స్టెబిలైజర్ లింకులే (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీకి ఉండే చిన్న లింకులు) కారణం. ఇవి పెద్ద ప్రమాదం కాదు, మార్చడమూ తేలికే. బ్రేకు వేసిన క్షణంలోనో, రివర్సు నుంచి ముందుకు కదిలినప్పుడో ఒక్కసారి 'దబ్' మంటే లోయర్ ఆర్మ్ బుష్‌ను అనుమానించండి. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు మెలితిరిగి విడిచినట్లు మోగితే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంటు చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు వచ్చే కటకట శబ్దం సస్పెన్షన్‌ది కాదు, ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటుది. వేగంతో పెరుగుతూ, మలుపులో హెచ్చుతగ్గులయ్యే హోరు బేరింగుది.

తర్వాత చేతి పరీక్ష. చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం నేలను వదిలేదాకా జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టండి. జాకీని మాత్రమే నమ్ముకుని కారు కిందికి దూరకండి, ఒక్క నిమిషమైనా సరే. గడియారంలో 9, 3 అంకెలు ఉండే చోట చక్రాన్ని పట్టుకుని తోసి లాగండి. లూజు తగిలితే టై రాడ్ (స్టీరింగ్ మలుపును చక్రానికి అందించే కడ్డీ) ఎండ్ గానీ, స్టీరింగ్ రాక్ దగ్గరి లోపలి జాయింటు గానీ అరిగి ఉండవచ్చు. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే లూజు వస్తే బాల్ జాయింటో (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) బేరింగో తేల్చుకోవాలి. ఎవరినైనా బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. లూజు మాయమైతే బేరింగు, అలాగే ఉంటే బాల్ జాయింటు. స్ప్రింగు నేరుగా లోయర్ ఆర్మ్ మీద కూర్చునే బండ్లలో మాత్రం జాకీ ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. లేకపోతే స్ప్రింగు బిగువుకు లూజు బయటపడదు. బాల్ జాయింటు లూజుగా ఉందని తేలితే ఆ కారును ఇక రోడ్డు మీదికి తీయకండి. అది ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, స్టీరింగ్ మీ మాట వినదు.

టైరు కూడా చాలా చెబుతుంది. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి లోపలి అంచు చూడండి, పాత కారు అమ్మేవారు బయటి అంచే చూపిస్తారు. ఒక్క అంచే నున్నగా అరిగితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగే కోణం) తప్పినట్లు, రెండంచులూ అరిగితే గాలి తక్కువ. ట్రెడ్ మీద అడ్డంగా అరచేయి ఆనించి పోనిస్తే ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా తగిలితే టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పినట్లు. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్ బలహీనపడి ఉండవచ్చు.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు భాష గురించి జంకనక్కరలేదు. ఫలానా భాగం మార్చమని మీరే చెప్పకండి. ఎప్పుడు, ఎంత వేగంలో, ఏ పక్కన వస్తోందో చెప్పి, కారు లిఫ్టు మీద ఉండగానే లూజు కళ్లారా చూపించమని అడగండి. ఇందులో మొహమాటం వద్దు. బుష్‌లు మార్చితే వాటి బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్ లాంటివి మార్చాకే అలైన్‌మెంటు.

అప్పుడిచ్చే కాగితం పారేయకండి. అందులో ముందు, తర్వాత అని రెండు వరుసల అంకెలుంటాయి. సాధారణంగా క్యాస్టర్ (చక్రం మలుపు తిరిగే ఇరుసు, పక్క నుంచి చూస్తే ముందుకో వెనక్కో వాలే కోణం) తక్కువ ఉన్న పక్కకు, క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా (అంటే పైభాగం బయటివైపుకు ఎక్కువగా) ఉన్న పక్కకు బండి లాగుతుంది. స్ట్రట్ ఉండే చాలా కార్లలో ముందు చక్రాలకు సరిచేయగలిగేది టో ఒక్కటే. నా కారూ అలాంటిదే. ఆ ముసలాయన బుష్ మార్చాక, డాష్‌బోర్డు అరలో పడి ఉన్న నా పాత కాగితాలు మూడూ తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. ఎవరూ ముట్టుకోని ఎడమ క్యాస్టర్, మూడింటిలోనూ మూడు రకాలుగా ఉంది.